ఎండాకాలంలో మాయమైన అల్లి: గోలెం ఖాళీ చేయాలా, ఉంచాలా?

పెరటి అల్లి (హనుమకొండ):

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక పెరట్లో ఒక సిమెంటు గోలెం ఉంది. మా మామగారి కాలంలో బర్రెలకు కుడితి పోసిన గోలెం. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది. అడుగున నీళ్లు వదలడానికి ఒక రంధ్రం ఉంది, దానికి గుడ్డ కుక్కి ఉంచాం. బర్రెలు పోయాక అది చాలా ఏళ్లు ఖాళీగానే ఉంది.

పోయిన ఎండాకాలం మా పుట్టింటి ఊరి చెరువులో (పరకాల దగ్గర) పూడిక తీసి మట్టి పొలాలకు తోలుతుంటే, పెరట్లో మొక్కలకని నేనూ ఒక ట్రాక్టరు మట్టి తెప్పించుకున్నాను. మిగిలిన మట్టిని గోలెంలో పోశాం. వానలు పడి గోలెం నిండింది. కొన్నాళ్లకు నీళ్లలోంచి చిన్న చిన్న ఎర్రటి ఆకులు పైకి వచ్చి తేలాయి. ఎవరమూ ఏదీ నాటలేదు. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, "ఇది అల్లి బిడ్డా, చెరువు మట్టిల గడ్డ వచ్చినట్టుంది" అన్నది. మా వైపు కలువనే అల్లి అంటాం.

శ్రావణం చివర్లో మొదటి పువ్వు పూసింది. తెల్లటి పువ్వు. చీకటి పడుతుండగా విచ్చుకొని, మర్నాడు పొద్దున తొమ్మిది, పది దాకా ఉండి ముడుచుకునేది. ఒక్కో పువ్వు అట్లా మూడు, నాలుగు రాత్రులు పూసింది. బతుకమ్మకు మా పెరటి అల్లిపూలే పెట్టుకున్నాం. మా అమ్మ చిన్నప్పుడు చెరువులో దిగి తెచ్చేదట, ఇప్పుడు ఆ చెరువులో దిగే వీల్లేదు, అంతా గుర్రపు డెక్క.

ఇక అసలు సంగతి. సంక్రాంతి దాటాక ఆకులు చిన్నవవుతూ వచ్చాయి. శివరాత్రికి నాలుగైదు మిగిలాయి. ఇప్పుడు ఏప్రిల్, ఒక్క ఆకు కూడా లేదు. నీళ్లు సగానికి తగ్గాయి, పచ్చగా మారాయి, కాస్త వాసన కూడా వస్తోంది. చెయ్యి పెట్టి బురద కెలికితే నల్లటి గడ్డలు తగిలాయి. కొన్ని రేగిపండంత, ఒకటి రెండు నిమ్మకాయంత. కొన్ని గట్టిగా ఉన్నాయి, కొన్ని మెత్తగా ఉన్నాయి.

పోయిన ఏడు మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. అందుకే మా అత్తమ్మ గోలెం ఖాళీ చేయమంటోంది. ఆమె భయం నిజమైనదే, నాకూ అదే టెన్షన్. మా ఆయన నర్సరీలో ఏడాది పొడుగునా పూసే రకాలు దొరుకుతాయి, అది తెచ్చుకుందాం అంటున్నారు. కానీ నాకు ఈ అల్లే కావాలి. ఇది మా ఊరి చెరువుది.

మొక్క చచ్చిపోయిందా? బతికి ఉంటే నీళ్లు నిండా పోయాలా, ఎండనివ్వాలా? మా బోరు నీళ్లు పోస్తే అంచుల వెంట తెల్లటి పొర కడుతుంది, దానివల్ల ఏమైనా అయిందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


మిద్దెతోట (కూకట్‌పల్లి):

నీళ్లు నిండా పోసి, గుప్పెడు డీఏపీ చల్లి చూడండి, మళ్లీ చిగురిస్తుంది. నా మిద్దె మీద ఉన్న హైబ్రిడ్ కలువలకు ఆకులు తగ్గినప్పుడు అలాగే చేస్తాను. దోమలకు గప్పీ చేపలు వేయండి, అక్వేరియం షాపులో పది, పదిహేను తెచ్చుకుంటే చాలు. గోలెం మాత్రం పారేయకండి మేడమ్. పాత కాలం గోలెం ఇప్పుడు దొరకదు.


ఉప్పుటేరు గట్టు (ఆకివీడు):

అమ్మా, గోలెం ఖాళీ చేయకండి. మీ కలువ చావలేదు, నిద్రపోతోంది. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొల్లేటి అంచున పుట్టి పెరిగినవాణ్ణి. ఈ మొక్క గురించి ఎవరైనా అడిగితే క్లుప్తంగా చెప్పడం నా వల్ల కాదు, ఓపిగ్గా చదవండి.

ముందు గడ్డల సంగతి. బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉన్నవి బతికి ఉన్నట్టు. నొక్కితే అణిగిపోయి దుర్వాసన వచ్చేవి కుళ్లినవి, వాటిని ఈ రోజే తీసి పారేయండి. వాసన ఎక్కువగా వాటినుంచీ, రాలి కుళ్లిన ఆకులనుంచే వస్తోంది. కుళ్లినవి ఉన్నాయని భయపడకండి. తల్లి మొక్క దుంప పాతబడి కుళ్లిపోవడం, దాని చుట్టూ పిల్ల గడ్డలు మిగలడం మామూలే.

ఎందుకు నిద్రపోయింది అంటే, అది పుట్టిన చోటు అలాంటిది. మీ వరంగల్ వైపు గొలుసుకట్టు చెరువులు ఆషాఢ, శ్రావణాల్లో నిండుతాయి. తర్వాత తూముల ద్వారా నీళ్లు వరి పొలాలకు వెళ్తాయి. వైశాఖానికి చాలా చెరువుల్లో అడుగు బీటలు వారుతుంది. ఇలా ఏటా ఎండే చోట బతకాలంటే ఆకులన్నీ వదిలేసి, ఉన్న బలమంతా గడ్డలో దాచుకొని, వాన వచ్చేదాకా బురదలో పడి ఉండాలి. మీ అల్లి అదే చేసింది. నీటి మట్టం తగ్గడం, పుష్య మాసపు చలి రాత్రులు, గోలెంలోని కొద్దిపాటి మట్టిలో బలం అయిపోవడం, ఈ మూడూ కలిసి దాన్ని నిద్రపుచ్చాయి. పోయిన ఏడు మీ పెరట్లోకి అది వచ్చిన దారీ ఇదే కదా: పూడిక మట్టిలో నిద్రపోతూ ట్రాక్టరెక్కి వచ్చింది.

అందుకే మిద్దెతోట గారు చెప్పిన డీఏపీ ఇప్పుడు వేయవద్దు. నిద్రలో ఉన్న గడ్డకు వేళ్లు లేవు, ఎరువు తీసుకోలేదు. వేసిన ఎరువంతా నీళ్లలో కరిగి పచ్చటి నాచుకు మేత అవుతుంది. వారి హైబ్రిడ్ వేరు. అది నిద్రపోని రకం, అకాలంలో ఆకు తగ్గితే ఆకలితోనే తగ్గుతుంది. వారి అనుభవం వారి మొక్కకు సరైనదే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అడుగున ఉన్న గుడ్డ వదులు చేసి నీళ్లు పూర్తిగా వదిలేయండి. ఆ నీళ్లు పారబోయకండి, పూల మొక్కలకు పోసుకోండి, మంచి బలం. బురదలో ఉన్న గట్టి గడ్డల్ని అలాగే ఉంచి పైన తడి గోనెసంచి కప్పండి. ఎండ నేరుగా పడకుండా తాటాకులో, పచ్చ నెట్టో అడ్డం పెట్టండి. రెండు మూడు రోజులకోసారి గోనెసంచి తడిసేలా నీళ్లు చల్లండి. బురద మెత్తగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు.

చెరువులో ఎండినా బతికేది గోలెంలో ఎందుకు ఎండకూడదని అడుగుతారేమో. చెరువులో పైన బీటలు వారినా లోపల అడుగుల లోతు బురదలో చెమ్మ ఉంటుంది, అక్కడ చల్లగా ఉంటుంది. గోలెంలో ఉన్నది ఎనిమిది అంగుళాల మట్టి, చుట్టూ సిమెంటు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఆ వేడికి గడ్డ ఉడికిపోతుంది. చెమ్మ, నీడ రెండూ మీరే ఇవ్వాలి.

గోలెం ఎండలోంచి జరపలేకపోతే ఇంకో దారి ఉంది. గట్టి గడ్డలు తీసి కడిగి, మట్టి కుండలో తడి ఇసుక మధ్య పెట్టి, ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండే మూలన ఉంచండి. నాకైతే మొదటి పద్ధతే ఇష్టం. పోయిన కార్తీకంలో రాలిన గింజలు ఆ బురదలోనే ఉండి ఉంటాయి, వాటికీ అవకాశం దొరుకుతుంది.

తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. అడుగున చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు, పైన చెరువు మట్టి లేదా నల్లరేగడి, ఆ పైన ఒక అంగుళం ఇసుక. కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపిన నర్సరీ మట్టి వద్దు, తేలిపోయి నీళ్లంతా పాడవుతాయి. గోలెంలో ఒక్క గడ్డే పెట్టండి, పెద్దది చూసి. గడ్డకు మొలక వచ్చే మొన ఒకటి ఉంటుంది, అది పైకి ఉండాలి, మట్టిలో పూర్తిగా కూరుకుపోకూడదు. మొదట మట్టి మీద మూడు, నాలుగు అంగుళాల నీళ్లు చాలు. ముందు వచ్చే ఆకులు నీళ్లలోనే ఉంటాయి, పల్చగా, బాణం మొనలా. అవి చూసి మొక్క బలహీనంగా ఉందనుకోవద్దు. తేలే ఆకులు వచ్చే కొద్దీ నీళ్లు పెంచుతూ గోలెం అంచుకు కాస్త కింది దాకా తీసుకెళ్లండి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. అంతకన్నా తగ్గితే ఆకులు వస్తాయి గానీ మొగ్గ రాదు.

ఎరువు నీళ్లలో కలపకూడదు. బంకమట్టిలో ఎముకల పొడి కలిపి ఉండలు చేసి ఎండబెట్టుకోండి. నెలకోసారి ఒకటి రెండు ఉండలు దుంపకు జానెడు దూరంలో మట్టిలోకి గుచ్చండి. పువ్వుల కాలం అయిపోయాక ఆపేయండి.

మీ బోరు నీళ్ల తెల్లపొర సున్నం. దానివల్ల చావదు గానీ, వాన నీళ్లకు మించింది లేదు. మేడ మీది గొట్టం కింద డ్రమ్ము పెట్టి పట్టుకోండి. ఆర్‌వో మిషన్ వదిలే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. మీ గోలెం పాతది కాబట్టి ఇబ్బంది లేదు. కొత్త సిమెంటు గోలెం కొన్నవాళ్లు మాత్రం రెండు మూడు వారాలు నీళ్లు నింపి, మార్చి, మళ్లీ నింపి, సిమెంటు ఘాటు పోయాకే మొక్క పెట్టాలి.

ఇక మీ దగ్గర ఉన్నది ఏ కలువో చెప్పనివ్వండి. ఆకు అంచు రంపపు పళ్లలా ఉండి, ఆకు వెనుక వేళ్లతో రాస్తే నూగు తగిలిందా? తెల్లగా, రాత్రిపూట పూసిందన్నారు కాబట్టి ఇది నింఫియా ప్యూబెసెన్స్ అనే మన దేశపు కలువ అనుకుంటున్నాను. మన కవులు చంద్రుణ్ణి కలువలరేడు అన్నది ఇలాంటి పువ్వును చూసే. మన నీలి కలువ వేరు, దాని పేరు నింఫియా నౌచాలి. అది పొద్దున విచ్చుకొని మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది, ఆకు వెనుక నున్నగా ఉంటుంది. శ్రీలంక జాతీయ పుష్పం అదే. ఈ రెండూ కాక తామర అసలు వేరే కుటుంబం: దాని ఆకు నీటికి పైన గొడుగులా నిలబడుతుంది, కాడ దగ్గర చీలిక ఉండదు.

ఈ వానాకాలం మొదటి మొగ్గ విచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకొని కూర్చోండి. మొదటి రాత్రి పువ్వు మధ్యలో గిన్నెలాంటి చోట తీయటి ద్రవం ఊరుతుంది. ఆ రాత్రి పుప్పొడి రాలదు, వేరే పువ్వునుంచి పురుగులు మోసుకొచ్చిన పుప్పొడిని ఆ ద్రవం కడిగి తీసుకుంటుంది. మర్నాటినుంచి గిన్నె మూసుకుపోయి కేసరాలు పుప్పొడి ఇస్తాయి. ఒకే పువ్వు మొదటి రోజు ఆడది, తర్వాత మగది. పాఠం చెప్పినన్నాళ్లూ ఇది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఈ పువ్వును పిల్లలకు చేతికిచ్చి చూపించే వీలు ఇప్పుడు మీ పెరట్లో ఉంది.

కాయ కట్టాక కాడ వంగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. కుళ్లిందని తెంపకండి. కాయ నీటి అడుగునే పండి పగులుతుంది, లోపల గసగసాల్లాంటి గింజలు వందల్లో ఉంటాయి. ప్రతి గింజకూ గాలి పట్టిన పల్చటి పొర ఉంటుంది, దాంతో కొంతసేపు తేలి తర్వాత మునుగుతాయి. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లతోపాటు గింజలూ కింది చెరువుకు చేరతాయి.


పెరటి అల్లి (హనుమకొండ):

సార్, మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం నీళ్లు వదిలాను. నీళ్లన్నీ మల్లె పాదుకు, జామకు పోశాం. గడ్డలు నొక్కి చూశాను. గట్టివే ఎక్కువ ఉన్నాయి. మెత్తటివి తీసేయగానే వాసన సగం తగ్గింది. పోయిన ఏడు మా పాప తీసిన ఫొటోల్లో ఆకు అంచు పళ్లుపళ్లుగానే ఉంది, వెనుక నూగు ఉందో లేదో ఫొటోలో తెలియడం లేదు.

ఇంకో రెండు అడుగుతాను. వానాకాలం నీళ్లు నింపాక దోమల సంగతేమిటి? మా అత్తమ్మ అడిగేది అదే. ఇంకొకటి, మా అమ్మ ఈ గడ్డలు ఉడకబెట్టుకొని తినేవాళ్లమని చెప్పింది. మిగిలిన గడ్డలు తినవచ్చా?


మొక్కల బండి (కడియం):

మేడమ్, మాది కడియపులంకలో నర్సరీ పని. మీ ఆయన గారు అన్న మాట మీద ఒకటి చెప్పాలి. ఏడాది పొడుగునా పూసే రకాలు ఉన్న మాట నిజం. మేం అమ్మేవి చాలావరకు థాయ్‌లాండ్ హైబ్రిడ్‌లు. రంగులు బాగుంటాయి, పగలే పూస్తాయి, చిన్న టబ్బులో కూడా పూస్తాయి. కొనేవాళ్లు పువ్వు మీద ఉన్న మొక్కే అడుగుతారు. ఎండాకాలం ఆకు లేకుండా పడుండే ఊరి కలువను మేం కుండీలో పెట్టి చూపిస్తే ఎవరూ కొనరు. అందుకే నర్సరీల్లో అది కనబడదు, మా కాలవల్లో కనబడుతుంది.

"నీలి తామర", "బ్లూ లోటస్" అని రాసి అమ్మేది మన నీలి కలువ అనుకుని తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. గుర్తు పట్టడానికి నేను చూసేది ఇది. ఆకు మధ్యలో, కాడ కలిసే చోట పిల్ల మొక్క పుడుతోందంటే అది విదేశీ రక్తం కలిసిన హైబ్రిడ్. మొగ్గ బయటి పచ్చ రెక్కల మీద నల్లటి చారలు, చుక్కలు ఉంటే ఈజిప్టు నీలి కలువ రకం. హైబ్రిడ్‌లు పెంచుకోవడం తప్పేమీ కాదు, నేనూ వాటి మీదే బతుకుతున్నాను. కానీ మొక్క పెద్దదయిందని, పిల్లలు ఎక్కువయ్యాయని వాటిని తీసుకెళ్లి చెరువులో, కాలవలో వదలవద్దు. గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు అందంగా ఉందనే మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు మా కాలవల్లో దాన్ని యంత్రాలు పెట్టి తీస్తున్నారు.

మీ దగ్గర ఉన్నది డబ్బులిచ్చినా దొరకనిది, జాగ్రత్తగా చూసుకోండి.


ఉప్పుటేరు గట్టు (ఆకివీడు):

కడియం సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం.

దోమల గురించి మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఇప్పుడు గోలెంలో నిలవ నీళ్లే లేవు, కాబట్టి తొలకరి దాకా దోమ పిల్లకు చోటు లేదు. ఒక్క పని ఉంది. డెంగీ దోమ గుడ్లను నీళ్లలో కాక నీటి అంచుకు కాస్త పైన, గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు నింపే ముందు గోలెం లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది, ఆ కడుగు నీళ్లు ఎండే నేల మీద పారబోయండి. చాలామంది నీళ్లు మారుస్తారు గానీ గోడ రుద్దరు.

నీళ్లు నింపిన మర్నాడే చేపలు వేయండి. గప్పీలు పనిచేస్తాయి, కాదనను. గంబూజియా అనే ఇంకో చేపను 1928లో మన దేశానికి దోమల కోసమే తెచ్చారు, అది దోమ పిల్లలతోపాటు మన చిన్న చేపల పిల్లల్నీ, కప్ప పిల్లల్నీ తింటుంది. ఇవి రెండూ మనవి కావు. గోలెం పొంగితే కాలవలోకి పోతాయి. మన చెరువుల్లో, పొలం కాలవల్లో నీటి పైపైనే తిరిగే సన్నటి చేప ఒకటుంది. నడినెత్తిన వెండి చుక్క మెరుస్తూ ఉంటుంది, పైనుంచి చూసినా కనబడుతుంది. పిల్లలకు చెబితే పట్టుకొస్తారు. నాలుగైదు ఉంటే మీ గోలేనికి చాలు. నా తొట్టిలో ఉన్నవి అవే, నాకు అవంటే ప్రాణం. చేపలు ఉన్నప్పుడు ఆకుల మీద పేనుబంక వస్తే మందులు, సబ్బు నీళ్లు, వేపనూనె ఏవీ కొట్టవద్దు. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే పేను నీళ్లలో పడుతుంది, చేపలు తినేస్తాయి. ఆకుల్ని గుండ్రంగా ముక్కలు కత్తిరించి, ఆ ముక్కల మధ్య దాక్కునే పురుగు వస్తే, తేలే ముక్కల్ని చేత్తో ఏరేయడమే మార్గం.

ఇంకో మాట. కొత్తగా నీళ్లు నింపాక మొదటి వారాల్లో పచ్చగా మారతాయి. కంగారుపడి నీళ్లు మార్చకండి. ఆకులు పెరిగి నీటి పైభాగం సగానికి పైగా కప్పితే నాచుకు వెలుతురు అందక నీళ్లు వాటంతటవే తేటపడతాయి. నీళ్లు మార్చే కొద్దీ అది మళ్లీ మొదటికొస్తుంది.

తినడం గురించి. మీ అమ్మగారు చెప్పింది నిజమే. కరువు రోజుల్లో కలువ దుంపలు ఉడకబెట్టుకొని, కాల్చుకొని తిన్నవాళ్లు మా కొల్లేటి చుట్టూ కూడా ఉన్నారు. బంగ్లాదేశ్‌లో గింజలు వేయించి పేలాలు చేసుకుంటారు. అన్నట్టు, మన బజార్లో తామర గింజలని అమ్మే ఫూల్ మఖానా తామరది కాదు, కలువ కుటుంబానికే చెందిన ముళ్ల మొక్కది, బీహార్‌లో చెరువుల్లో పండిస్తారు. కానీ మీ గడ్డలు తినవద్దు. ఆ మట్టి చెరువుది, చుట్టుపక్కల పొలాల మందులు, ఇళ్ల మురుగు ఏవేవి అందులో కలిశాయో తెలియదు. తినడానికి కాక పంచడానికి ఉంచండి.

మా కొల్లేరు సంగతి ఒక్క మాట చెప్పి ఆపుతాను. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నా చిన్నతనంలో దోనెలో వెళ్తే రెండు వైపులా కలువలే ఉండేవి. ఇప్పుడు ఉన్న చేపల చెరువుల్లో కలువను కలుపు మొక్కగా చూసి తీసేస్తారు, ఎందుకంటే ఆకులు కప్పితే వలకు అడ్డం. వారి బతుకుదెరువు వారిది, నేను తప్పు పట్టను. కానీ కలువ ఒకప్పుడు మన రాష్ట్ర పుష్పం. 2018లో ఆంధ్రప్రదేశ్‌కు మల్లెను ప్రకటించారు, తెలంగాణకు తంగేడు ఉంది. ఇప్పుడు కలువకు ఏ రాష్ట్రమూ లేదు. మీలాంటివాళ్లు గోలెంలో ఒక ఊరి చెరువు కలువను కాపాడితే, రేపు ఆ చెరువు బాగుపడ్డనాడు అదే చెరువుకు దాని కలువను తిరిగి ఇవ్వొచ్చు. బయటిది కాక అక్కడిదే. అందుకే గడ్డ ఏ చెరువుదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోమని ప్రతివాళ్లకూ చెబుతుంటాను. మీరూ రాయండి: ఊరు, చెరువు పేరు, మట్టి తెచ్చిన నెల.


పెరటి అల్లి (హనుమకొండ):

మా అత్తమ్మకు మొత్తం చదివి వినిపించాను సార్. గోడ రుద్దే పని తనే చేస్తానంది. గోనెసంచి కూడా పాతది తనే వెతికి ఇచ్చింది. చేపల కోసం మా తమ్ముడికి ఫోన్ చేశాం, వానలు పడ్డాక పొలం కాలవలో పట్టి పంపుతానన్నాడు.

గోలెంలో ఒక్క గడ్డే ఉంచితే ఇంకో పది దాకా మిగులుతాయి. ఎవరికైనా కావాలంటే ఇస్తాను. కొరియర్‌లో పంపితే బతుకుతాయా?


ఉప్పుటేరు గట్టు (ఆకివీడు):

ఈ ఎండల్లో కొరియర్ వద్దమ్మా, డబ్బాలో ఉడికిపోతాయి. తొలకరి దాకా తడి ఇసుకలో ఉంచి అప్పుడు పంపండి. పంపేటప్పుడు తడి న్యూస్‌పేపర్‌లో ఒక్కో గడ్డనూ విడిగా చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు పెట్టి, గాలికి రెండు మూడు చిల్లులు చేయండి. మొలక వచ్చిన గడ్డ అయితే మొన విరుగుతుంది, మొలక రాకముందే పంపాలి. ఒకవేళ మీ దగ్గరే ఉండగా మొలకెత్తితే ఇంకా మంచిది: గడ్డ నుంచి సన్నటి తీగ వచ్చి దాని చివర పిల్ల మొక్క తయారవుతుంది. దానికి నాలుగైదు ఆకులు, తెల్లటి వేళ్లు వచ్చాక తుంచి ఇచ్చేయొచ్చు. గడ్డ మీ దగ్గరే ఉంటుంది, ఇంకో పిల్ల పెడుతుంది.


మిద్దెతోట (కూకట్‌పల్లి):

మేడమ్, నాకు రెండు గడ్డలు కావాలి. జూన్‌లో మా చెల్లెలి ఇంటికి కాజీపేట వస్తాను, నేనే వచ్చి తీసుకుంటాను. పాత ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పైభాగం కోసేసి సిద్ధం చేస్తున్నాను, రెండున్నర అడుగుల వెడల్పు ఉంది. చెరువు పేరు రాసిన కాగితం కూడా ఇవ్వండి, డబ్బా మీద అంటిస్తాను.